పక్క సీటు

పొద్దున్నే పాపకు జడ వేస్తుంటే అవతలి గదిలోంచి మా ఆయన కేక వేశాడు. "ఇంకా ఎంతసేపు? రోజూ మీవల్లే నాకు లేటు."

గడ్డం గీసుకుంటూ ఫోనులో కబుర్లాడినంతసేపూ ఆయనకు టైము గుర్తురాలేదు. వంట, డబ్బాలు, అత్తయ్య మందులు, పాప స్నానం ముగించుకుని పరుగున వచ్చి కారెక్కింది నేను.

నేను పనిచేసేది ట్రాఫిక్ కెమెరాలు చూసే గదిలో. ఎన్నో బళ్లు పద్ధతిగానే పోతాయి. హద్దు మీరేవి కొన్నే, మళ్లీ మళ్లీ అవే. "రోడ్డు మీద ముప్పంతా ఈ గుప్పెడు మందితోనే వస్తుందే," అంటుంది మా సూపర్‌వైజరక్క. ఆ మాట ఇంట్లో చెబితే ఆయన నవ్వాడు. "రోడ్డెక్కాక రిస్కు అందరికీ ఒకటే. పైగా నేను చెయ్యి తిరిగినవాణ్ణి." అత్తయ్య అందుకుంది: "మగాడు బండి నడుపుతుంటే పక్కన కూర్చుని నస పెట్టకూడదమ్మా." అప్పటినుంచీ పెదవులు బిగబట్టి, లేని బ్రేకును కాలితో తొక్కుతూ కూర్చోవడం అలవాటైంది. దిగేసరికి పిక్కలు పట్టేసేవి. ఊళ్లోవాళ్ల వేగం పట్టుకోవడం నా ఉద్యోగం. ఇంట్లోవాడి వేగాన్ని భరించడం నా కాపురం.

ఇవాళ స్కూలు మలుపులో, ఆగి ఉన్న బస్సును దాటబోయాడు. బస్సు ముందునుంచి ఓ ముసలాయన రోడ్డు మీద అడుగుపెట్టాడు. నేను అరిచాను. టైర్లు కీచుమన్నాయి. ఆ పెద్దాయన చేతిసంచి మా కారుకు తగిలి ఊగింది. మనిషికేమీ కాలేదు. ఎలా కాలేదో నాకు తెలియదు.

"నువ్వు అరవబట్టే నా చెయ్యి బెదిరింది," అన్నాడు మా ఆయన.

వెనక్కి తిరిగి చూశాను. పాప గౌను తడిసిపోయి ఉంది. దిగి, వెనక తలుపు తీసి దాన్ని ఎత్తుకున్నాను. చెవి దగ్గర గుసగుసగా అంది: "భయమేసిందని నాన్నతో చెప్పకమ్మా. చెబితే ఇంకా స్పీడుగా పోతాడు. నేనెప్పుడూ చెప్పను."

నోరు మూసుకోవడం దానికి నేను నేర్పినట్టు గుర్తులేదు. ఎంత బాగా నేర్చుకుందో!

"నాటకాలాడకు. ఎక్కు!" హారన్ మోగించాడు.

సాయంత్రం ఇంట్లో పడాల్సిన మాటలన్నీ అప్పుడే చెవుల్లో మోగుతున్నాయి. నా స్వెట్టరు పాప నడుముకు చుట్టి, కిటికీ దగ్గరికి వెళ్లాను.

"పాప ఇక మీ బండి ఎక్కదు. నేనూ ఎక్కను."

"ఏంటీ?" అన్నాడు.

రెండోసారి చెప్పడానికి మరింత భయమేసింది. చెప్పాను.