బాసిలియో చెయ్యి

బాసిలియో కోర్టుకు వెళ్తానని చెప్పినప్పుడు నేను చిపా రొట్టెలకు పిండి పిసుకుతున్నాను. గుమ్మంలో నిలబడి, నెత్తిమీద టోపీ కూడా తీయకుండా చెప్పాడు నా మొగుడు.

"గురువారం జడ్జిగారి దగ్గరికెళ్తున్నా. ఫెర్మిన్ గాడు గుర్రం ఇవ్వనంటున్నాడు."

"పందెంలో గెల్చిన గుర్రానికి కోర్టా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. నేను గెల్చింది అదృష్టంతో కాదు, చేత్తో. చేత్తో గెల్చినదానికి చట్టం ఉంది."

పిండిలో నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ చేతి సంగతి నాకు తెలుసు. అతనికి తెలుసో లేదో, అది మాత్రం అప్పటికి నాకు తెలియదు.

మా రేవు ఊళ్ళో మగవాళ్ళకు ఆదివారమంటే తాబా ఆట. ఆవు వెనక కాలి మడమ ఎముకను ఎండబెట్టి, ఒక పక్క ఇత్తడి రేకు, రెండో పక్క ఇనుప రేకు బిగిస్తారు. గీత అవతల తడిమట్టిలోకి విసిరితే ఇత్తడి పైకి పడాలి. దాన్ని అదృష్టం అంటారు. ఇనుము పైకి పడితే ముడ్డి పడిందంటారు. ఇంతే ఆట. ఇంత ఆటలోనే ఎడ్లూ జీనులూ చేతులు మారిపోతాయి. పక్క ఊళ్ళలో ఇద్దరూ ఒకే ఎముకతో ఆడతారట. మా దగ్గర మాత్రం ఎవరి ఎముక వాళ్ళదే. ఒకడి కత్తినీ ఒకడి తాబానీ ఇంకొకడు ముట్టుకోవడం మర్యాద కాదు. ఆ మర్యాదే ఇరవై ఏళ్ళు మా ఇంటిని నిలబెట్టింది.

బాసిలియో ఎముక వాళ్ళ నాన్నది. ముసలాయన పోతూ పెద్దకొడుక్కి పొలం ఇచ్చాడు, చిన్నకొడుక్కి ఈ ఎముక ఇచ్చాడు. "చెయ్యి నెత్తుట్లో ఉండాల్రా, నీకుంది" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని నా మొగుడు బతికాడు. పొలం రాలేదన్న బాధ ఏనాడూ పైకి చెప్పలేదు. పది విసిరితే ఎనిమిదిసార్లు ఇత్తడి పైకి పడేది. జనం మూగి చూసేవాళ్ళు. గెలిచి వస్తూ కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకునేవాడు.

పోయిన చలికాలం బాసిలియో పశువులు తోలుకుని దక్షిణానికి వెళ్ళినప్పుడు ఆ ఎముకకున్న ఇనుప రేకు వదులైంది. వచ్చేసరికి బాగుచేయించి పెడదామని నది దాటి కమ్మరి ఇబార్రా దగ్గరికి పట్టుకెళ్ళాను. అతను రేకు ఊడదీసి, ఎముకను వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఇది చేసిందెవరమ్మా?"

"మా మామగారు."

"మంచి పనోడు" అన్నాడు ఇబార్రా, నవ్వకుండానే.

రేకు కింద ఎముకను తొలిచి సీసం పోసి ఉంది. బరువు కిందికి పోతుంది, ఇత్తడి పైకొస్తుంది. చిన్నపిల్లకైనా అర్థమవుతుంది.

"నేను చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు" అంటూ మళ్ళీ రేకు బిగించేశాడు.

ఇంటికొస్తే పెరట్లో ఎడ్ల జత నెమరేస్తోంది. వాటి తొడమీద మా ఊరి తియోదోరా వాళ్ళ ముద్ర ఇంకా చెరగలేదు. ఆమె మొగుడు బాసిలియోతో పందెంలో ఓడి, ఆ ఏడాది పొలం దున్నలేక, కూలికి పోయి జ్వరంతో అక్కడే చచ్చిపోయాడు. ఆ ఎడ్లు దున్నిన కౌలు చేలో పండిన మొక్కజొన్న అందరితోపాటు నేనూ తిన్నాను. తెలియక తిన్నదాన్ని కక్కలేం. ఆ రోజు తర్వాత మాత్రం తెలిసే తిన్నాను, అది ఇంకా సిగ్గు.

ఇక ఈ గుర్రం గొడవ. శాన్ రోకే పండగనాడు ఫెర్మిన్ లేవా తన బండిగుర్రాన్ని పందెం పెట్టాడు. దానికెదురు బాసిలియో నా ఆవును పెట్టాడు. మా అమ్మ నాకిచ్చిన ఆవు. నన్నొక్క మాట అడగలేదు. గెలిచాడు గనక ఆవు దక్కింది. ఫెర్మిన్ కొత్తగా పెళ్ళైనవాడు. జనాన్ని బస్సు రోడ్డుకు చేరవేసి బతుకుతాడు. గుర్రం లేకపోతే బండి లేదు, బండి లేకపోతే పొయ్యి లేదు. మర్నాడు నిద్ర లేచి, ఇవ్వనని అడ్డం తిరిగాడు.

మా జడ్జి పేరు దొన్ అనక్లెతో, ఉండేది నది అవతల. గురువారం మాత్రమే జడ్జి. మిగతా రోజులు విత్తనాలమ్ముతాడు. చట్టం పుస్తకం ఒక్కటుంది ఆయన దగ్గర, అట్ట ఊడిపోయింది. ఆ గురువారం మేమంతా వెళ్తే, గొడవ విని ఇట్లా అన్నాడు.

"ఏవయ్యా బాసిలియో, గెలిచే పక్కకి అదృష్టమని పేరు పెట్టింది మీరే. అది అదృష్టం కాదని నా దగ్గరికి వచ్చేదీ మీరే. నన్నేం చెయ్యమంటావ్?"

"పేరు తాతలు పెట్టారండి. విసిరేది నేను."

జడ్జి వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. "విను. పరుగు పందెం, తుపాకీ గురి, ఇట్లాంటి ఒంటి నేర్పు ఆటల్లో గెల్చినదాన్ని కోర్టు ఇప్పిస్తుంది. పేకా పాచికలూ అయితే కోర్టుకి చెవుల్లేవు. ఇవ్వకపోతే అడగడానికి లేదు, ఇచ్చేశాక వెనక్కి లాక్కోడానికీ లేదు." కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మోసం ఉంటే మాత్రం వేరు. మోసపోయినోడు ఇచ్చిందంతా వెనక్కి అడగొచ్చు. పోలీసుల సంగతి ఆ తర్వాత."

ఇచ్చిందంతా. ఎడ్లు, రెండు జీనులు, కొట్టం కట్టిన కలప. ఇరవై ఏళ్ళ ఆదివారాలు లేచి మా గుమ్మం ముందు వరసకట్టినట్టనిపించింది.

"మోసమని నేనన్లేదండి" అన్నాడు ఫెర్మిన్, బాసిలియో వైపు చూడకుండా. "చెయ్యి చెయ్యి అంటున్నాడుగా అన్న. ఇంకో ఎముకతో విసరమనండి. ఎముక మారితే చెయ్యి మారిపోద్దా?"

"అదీ న్యాయమే" అన్నాడు జడ్జి. "వచ్చే గురువారం మా పెరట్లో. నా ఎముకతో పది, నీ ఎముకతో పది. రెంటితోనూ ఏడేసి పడితే చేతిపని అని రాసేస్తా. గుర్రం నీది."

బాసిలియో పెద్దగా నవ్వాడు. "ఏడెందుకండీ, తొమ్మిది పడతాయి. ఏ ఎముకైనా సరే."

ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. దొంగ అట్లా నవ్వలేడనుకున్నాను. మరుక్షణమే, పెద్ద దొంగైతే అట్లాగే నవ్వుతాడనీ అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఒక మనిషితో కాపురం చేసి, వాడు రెండింట్లో ఏదో తేల్చుకోలేని ఆడదాని బాధ ఎవరికి చెప్పుకోను?

ఆ వారమంతా చెప్పాలనే చూశాను. ఆదివారం పొద్దున మాతే ఆకు కషాయం కాచి ఇస్తూ మొదలుపెట్టాను.

"ఆ ఎముక సంగతి ఎప్పుడైనా ఆలోచించావా? మీ నాన్న దాన్ని ఎట్లా..."

"మా నాన్న నాకు పొలమివ్వలేదు ఎర్మెలిందా" అన్నాడు. "అన్నకి నలభై ఎకరాలు. నాకు ఇదిగో" అని కుడిచెయ్యి చాపి చూపించాడు. "ఇదిచ్చాడు."

ఎముకను కాదు, చేతిని చూపించాడు. చెబితే ఆ చెయ్యి తీసేసినట్టే. చెప్పకపోతే గురువారం ఊరంతా కలిసి తీసేస్తుంది. జడ్జి ఎముకతో మూడు పడి, తన ఎముకతో తొమ్మిది పడితే, అక్కడున్న ఏ గాడిదైనా రేకు ఊడదీసి చూద్దామంటాడు.

ఆట రోజు బాసిలియో ఎముకను తాకడు. గీత దగ్గరికెళ్ళేదాకా అది ఆడవాళ్ళ దగ్గరుండాలి. ఇదీ వాళ్ళ నాన్న పెట్టిన అలవాటే. గురువారం తోలుసంచిని నా నడుముకు కట్టుకుని బల్లకట్టు ఎక్కాను. బాసిలియో ముందు నిలబడి బల్లకట్టువాడితో వరద కబుర్లు చెబుతున్నాడు. నడి నదిలో నేను సంచి విప్పి ఎముకను బయటికి తీసి, చెయ్యి నీళ్ళ మీద పెట్టి, వదిలేశాను. కన్నుమూసి తెరిచేంతలో మునిగిపోయింది. ఆ కాస్తలోనే చూశాను, నీళ్ళలో కూడా దాని ఇత్తడి పక్కే పైకుంది.

జడ్జిగారి పెరటికి సగం ఊరు వచ్చింది. తియోదోరా కూడా వచ్చింది, నల్లశాలువా తలమీదుగా కప్పుకుని కంచె పక్కన నిలబడింది. జడ్జిగారు కొత్త ఎముక ఒకటి తెచ్చాడు. దాన్ని బాసిలియో అరచేతిలో ఎగరేసి చూసి, "తేలిగ్గా ఉంది" అన్నాడు.

మొదటిది ఇత్తడి. రెండోదీ ఇత్తడే. జనం ఓహో అన్నారు. నేనూ పిచ్చిదాన్లా ఆశపడ్డాను. నిజంగానే చేతిలో ఉందేమో, ఆ సీసం ఉత్తదేమో అనుకున్నాను. మూడోది ముడ్డి. నాలుగు, ఐదు, ఆరు, ముడ్డి మీద ముడ్డి. ఏడోసారి విసిరేముందు బాసిలియో చేతిని పంట్లానికి తుడుచుకున్నాడు. పది అయ్యేసరికి నాలుగు ఇత్తడి.

"నాలుగైతే మా అమ్మమ్మకీ పడతాయి" అని ఎవడో అన్నాడు. పెరడంతా నవ్వింది.

"మట్టి గట్టిగా ఉంది. ఎముక నాది కాదు" అన్నాడు బాసిలియో. నావైపు చెయ్యి చాపాడు. "నాదియ్యి."

నేను ఖాళీ సంచి చూపించాను.

"ఏదీ?"

"నదిలో పారేశాను."

ఫెర్మిన్ కళ్ళు చిన్నవి చేసి నన్నే చూస్తున్నాడు. వాడికి అర్థమైపోతోందని తెలిసి గొంతు పెంచాను.

"పారేశాను. నా ఆవుని పందెం పెట్టాడండీ జడ్జిగారూ. మా అమ్మ ఇచ్చిన ఆవుని, నన్నొక్క మాట అడక్కుండా. ఇవాళ ఆవు, రేపు నన్ను పెడతాడు. ఆ ముదనష్టపు ఎముక నా కొంపలో ఉండడానికి వీల్లేదు."

ఆడదాని కోపమంటే అందరూ నమ్ముతారు. ముందు నవ్వింది ఆడవాళ్ళే, ఆ తర్వాత మగవాళ్ళు. "అయిపోయావయ్యా బాసిలియో, ఇంట్లోనే ఉంది నీ పోలీసు" అన్నాడు జడ్జి. కాగితం మీద రెండు ముక్కలు రాశాడు. తాబా అదృష్టం ఆట, కోర్టుకు చెవుల్లేవు, గుర్రం ఫెర్మిన్‌దే. అదృష్టం ఆటకి పందెం కాసినందుకు ఇద్దరినీ లోపల వెయ్యాలి గానీ, పండగనాటి సంగతని వదిలేస్తున్నానన్నాడు.

వెళ్ళేముందు ఫెర్మిన్ నా పక్కకొచ్చాడు. "వదినా, గుర్రం మిగిలింది. ఇంకేం అడగను" అన్నాడు మెల్లగా. గుర్రం కళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయాడు.

వాణ్ని తట్టుకున్నాను. తియోదోరాను తట్టుకోలేకపోయాను. కంచె దగ్గర నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మంచి పని చేశావమ్మా. మా ఎడ్లని తిన్న ఎముక అది. నాకా ధైర్యం ఉంటే మా ఆయన ఎముకని కూడా అట్లాగే పారేద్దును. పాపం, ఆయన చేతిలో బలం లేదు, మీ ఆయనలాగ."

నేను నోరు తెరిస్తే ఆమె ఎడ్లు ఆమెకొస్తాయి. నా మొగుడు జైలుకెళ్తాడు. ఆమె కళ్ళలోకి చూడలేక ఆమె చెప్పులు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవలేదు. అది నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే నీచమైన పని. ఎముకలో సీసం పోసింది మా మామగారు, దాన్ని మూసిపెట్టింది నేను.

బాసిలియో నెలరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గానీ, నాతో కంటే నా గురించే ఎక్కువ. ప్రతి ఆదివారం అంగడి ముందు అదే మాట. "మా ఆవిడ నా ఎముకని నదిలో పారెయ్యకపోయుంటే ఆ గుర్రం ఇవాళ నా కొట్టంలో ఉండేది." మళ్ళీ ఇంకో ఎముక చేయించుకోలేదు. ఎవరైనా ఇస్తామంటే, నాన్న ఎముక తప్ప వేరేది ముట్టనన్నాడు.

ఆరేళ్ళకు ఒక కరువొచ్చింది. నది సన్నబడి ఇసుక దిబ్బలు బయటపడ్డాయి. బల్లకట్టు ఒడ్డున కూర్చుండిపోయింది. పిల్లలు దిబ్బల మీద పాత గిన్నెలూ లంగరు ముక్కలూ ఏరుకుంటున్నారని విన్నాం. ఆ సాయంత్రం ఇద్దరం గుమ్మంలో మాతే తాగుతున్నాం. బాసిలియో నదివైపే చూస్తూ అడిగాడు.

"ఎక్కడ పారేశావు? లోతున్న చోటేనా?"

"నడి నదిలో. అక్కడింకా నీళ్ళున్నాయి."

కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకున్నాడు.

"మంచిది" అన్నాడు, మాతే తాగిన ఖాళీ సొరబుర్ర నా చేతికిస్తూ.

మూడు రోజులకు ఆదివారం వచ్చింది. నేను అంగట్లో పంచదార కొంటుంటే బయట అతని గొంతు వినిపించింది. మా ఆవిడ నా ఎముకని నదిలో పారెయ్యకపోయుంటే, అంటున్నాడు. జనం నావైపు తిరిగి నవ్వారు. తియోదోరా కూడా అక్కడే ఉంది, ఆమే అందరికంటే ఎక్కువ నవ్వింది. నేనూ నవ్వాను.