బొటనవేలి కింద చిల్లు

వార్డులో పిల్లలంతా ఆమెను ఊపిరత్త అనేవాళ్లు. ఊపిరి పీల్చే కండరాల్లో ఎంత సత్తువ ఉందో కొలవడం ఆమె ఉద్యోగం. నోట్లో గొట్టం పెట్టుకుని గట్టిగా లోపలికి పీలిస్తే తెర మీద అంకె పడుతుంది. అది నలభై దాటితేనే అక్కడ వెన్ను ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. అంత బలం లేని పిల్లకు మత్తు దిగాక సొంత ఊపిరి అందదు, ప్రాణం మీదికొస్తుంది. పిల్లలు గడుగ్గాయిలు, ఛాతీని వదిలేసి బుగ్గలతో లాగేస్తారు. ఆ దొంగలెక్క చెల్లకుండా గొట్టానికి పక్కన సూదిమొనంత చిల్లు ఉంటుంది; బుగ్గలతో లాగితే అందులోంచి గాలి చొరబడి అంకె నిలవదు.

పొద్దున్నే ఆరేళ్ల బుజ్జిదాన్ని ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే ఊపిరత్త చెయ్యి ఊపింది. మధ్యాహ్నం దాని పక్క మంచం పెద్దపిల్ల చక్రాల కుర్చీలో వచ్చి ఒక్క లాగు లాగింది. యాభై ఎనిమిది. తండ్రి ముఖం చేటంత అయింది.

"పోయిన నెల ముప్పై కూడా రాలేదండీ. మా తల్లి మొండిది," అన్నాడు.

ఊపిరత్తకు ఎక్కడో తేడా కొట్టింది. కండరాలు కరిగిపోయే జబ్బులో అంకె పెరగడమేమిటి? ఇంకోసారి లాగమని చూస్తే, పిల్ల బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. బొటనవేలు సరిగ్గా చిల్లు మీద ఉంది.

"చేతులు ఒళ్లో పెట్టుకోమ్మా. గొట్టం నేను పట్టుకుంటా."

ఇరవై ఆరు. మళ్లీ లాగితే ఇరవై నాలుగు. తండ్రి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"అది మూస్తే ఎక్కువొస్తుందత్తా," పిల్ల తల వంచుకుని గొణిగింది. "నాన్న సంతోషపడతాడని."

ఊపిరత్తకు కోపం రాలేదు, జాలేసింది. ఈ పిల్ల ఆపరేషన్‌కు ఇంకా వారముంది, కొంప మునగలేదు అనుకుంది.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు. ఈ కిటుకు ఏ పిల్లకీ చెప్పకు."

"బుజ్జిదానికి మొన్నే చెప్పేశాగా. అందుకే నిన్న దానికి యాభై వచ్చింది."

ఊపిరత్తకు బుజ్జిదాని అంకె గుర్తొచ్చింది. భలే లాగావే అని నిన్న చప్పట్లు కొట్టింది తనే, ఆపరేషన్ చెయ్యొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టిందీ తనే. వెంటనే ఆపరేషన్ గదికి ఫోన్ చేసింది.

"బాగా అయింది మేడం," అంది అక్కడి నర్సు తీరిగ్గా. "మత్తులో వేసిన ఊపిరి గొట్టం తీసేస్తున్నారు."

"ఆపమను. నిన్నటి అంకె అబద్ధం. సంతకం నాది."

ఫోన్ బల్ల మీద పడిన చప్పుడు, నర్సు పరిగెత్తిన చప్పుడు వినిపించాయి. ఊపిరత్త రిసీవరును చెవికి అదిమి పట్టుకుని, అటు నుంచి ఒక చిన్నపిల్ల ఊపిరి వినపడుతుందేమోనని నిలబడిపోయింది.