గవరయ్య నోటి ప్రసాదం

పుష్పరాణికి ఎంగిలంటే ఒళ్ళు జలదరిస్తుంది. కన్నకూతురు కొరికిచ్చిన జామకాయ కూడా నోట పెట్టదు. అలాంటి మనిషికి ఫాదర్‌గారు రోగులకు దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే అప్పం, తీసుకెళ్ళే పని అప్పజెప్పి, మొట్టమొదట గవరయ్య ఇంటికే పంపారు.

గవరయ్య ఆమెకు బావగారు, చనిపోయిన భర్తకు అన్న. గార్డెన్ రీచ్ రేవులో మూటలు మోసి మోసి ముసలివాడయ్యాడు. ఇద్దరూ మోకరించేది ఒకే గుడిలో. అయినా ఆమె పెళ్ళినాడే తక్కువ కులందని ఆమెను తమ భోజనాల బంతిలోంచి లేపేశాడు. ఆనాటి నుంచి పుష్పరాణి ఆయన గడప తొక్కలేదు. రోజూ సత్ప్రసాదం ముందు గంటసేపు ఆరాధనలో కూర్చుని, అందరినీ క్షమించేశానంటుంది. ఆ అందరిలో ఈయన మాత్రం ఉండడు.

బస్సులో దారిపొడుగునా మెడలో వేలాడే ప్రసాదం డబ్బీని గుప్పిట పట్టుకునే కూర్చుంది. ప్రభువును మోస్తూ ఇంత కోపం మోయడమేమిటని తనమీద తనకే చిరాకేసింది.

గవరయ్య కొడుకు మధుబాబు తలుపు తీశాడు. "రా పిన్నీ. నాన్నకి గొంతులో పుండు. నీళ్ళు కూడా సరిగ్గా దిగట్లేదు. డాక్టరు ఇంటికాడే ఉంచుకోమన్నాడు."

పుష్పరాణి ప్రార్థన చదివి, "క్రీస్తు శరీరం" అంది. "ఆమెన్" అని ముసలాయన నోరు తెరిచాడు. నాలుక మీద అప్పం పెట్టింది. మింగబోయేసరికి దగ్గు తెరలుతెరలుగా కమ్ముకొచ్చింది. ఆమె గబుక్కున చెయ్యి పట్టింది. తడిసిన అప్పం ఉమ్ముతో సహా అరచేతిలో పడింది.

ఇలా జరిగితే నీళ్ళలో వేసి, కరిగాక మట్టిలో పొయ్యాలని ఫాదర్‌గారు ముందే చెప్పారు.

"మధూ, గిన్నెలో నీళ్ళు తే," అంది చెయ్యి దూరంగా పట్టుకుని.

"సూసినావా," గవరయ్య ఏడుస్తున్నాడు. "నాను సేసిన పాపాలకి దేవుడు నాలోకి రానంటన్నాడు. తీసుకుపోమ్మా. ఇంకెప్పుడూ తేకు."

మధుబాబు గిన్నె తెచ్చాడు. ముసలాయన చూపంతా ఆ గిన్నె మీదే ఉంది. అందులో వేస్తే తప్పేమీ లేదు. కానీ దేవుడు తనను కాదన్నాడనే నమ్మకంతోనే ఈ మనిషి కన్నుమూస్తాడు. పుష్పరాణి తన అరచేతికేసి చూసింది. ఇంకెవరి నోటిదైనా అయితే బాగుండును ప్రభూ, అనుకుంది. నిజంగానే అనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి నోటికి ఆన్చుకుంది. మింగేసింది.

"అయ్యో, నా ఎంగిలే అది!" గవరయ్య లేవబోయాడు.

"ఎంగిలి కాదు, ప్రభువు, బావగారూ. మీ నోట్లోకొచ్చినోడే నాలోకొచ్చినాడు. ఎక్కడికీ పోలేదు."

గవరయ్య ఆమెకేసి చూశాడు. అడగాల్సిన క్షమాపణ నోటిదాకా వచ్చింది కాబోలు, పైకి మాత్రం రాలేదు. వేలితో డబ్బీ చూపించాడు.

"ఇంకోటుందేటి?"

తర్వాతి ఇంటికని తెచ్చింది ఉంది. పుష్పరాణి అందులోంచి గోరంత ముక్క తుంచి చెంచాడు నీళ్ళలో వేసింది. ఆయన తలను మోచేతి మీదకు తీసుకుని, చెంచా పెదవులకు ఆనించింది.

ఈసారి దిగింది.