గోడ మీది యజమానురాలు

సబ్బు చేత్తోనే ఫోన్ ఎత్తాను. "ఫోటోలో అమ్మవి నువ్వేనా?" అన్నాడు అవతలివాడు. "సీసా మీదున్న ధరకి ఇమ్మంటే, ఇష్టముంటే తాగు, లేకపోతే పో అంటున్నాడు మీ ఆయన. ఇదేం న్యాయం తల్లీ?"

మా ఆయన నడిపే మద్యం కొట్టుకి పర్మిట్ నా పేరు మీద ఉంది. ఆడవాళ్ళ పేరున తీసుకుంటే ఫీజులో రాయితీ అని ప్రభుత్వం రూలు మార్చింది. అంతకుముందు కోడి గెలికినట్టుందన్న నా సంతకం, ఆ రోజు ఆయన కంటికి ముత్యాల్లా కనపడింది. తరవాత వినియోగదారుల రక్షణకని ఇంకో చట్టం వచ్చింది. పర్మిట్ ఎవరిదో వాళ్ళ ఫోటో, ఫోన్ నంబరు కౌంటరు పైన గోడకి పెట్టాలట. ఫిర్యాదులన్నీ వంటింట్లోనే చచ్చిపోతాయని నా నంబరే రాయించాడు. "ఎవడైనా వాగితే ఊ కొట్టి పెట్టెయ్. గిన్నెలు తోముకుంటూ కూడా చెయ్యొచ్చు ఆ పని," అన్నాడు. మా అత్తగారు మాత్రం, "బతికున్న మనిషిని గోడకెక్కించావేంట్రా!" అని నొచ్చుకుంది.

ఆ కొట్టు గడప నేనెప్పుడూ తొక్కలేదు. ఒకసారి ఆయన మరిచిపోయిన తాళంచెవి పట్టుకెళ్తే వీధి చివరే ఆపేశాడు. "పరువుగల ఇంటి ఆడది తాగుబోతుల మధ్యకి వస్తుందా?" అన్నాడు. నా ముఖం మాత్రం షట్టర్ ఎత్తింది మొదలు వాళ్ళ మధ్యే ఉంటుంది. ముఖానికి అక్కర్లేని పరువు కాళ్ళకెందుకో నాకు బోధపడలేదు.

మొదట్లో చెప్పినట్టే ఊ కొట్టాను. కల్తీ అని ఒకడు తిట్టాడు, ఒకడు ఏడ్చాడు, ఇంకొకడు పాట పాడి ఎలా ఉందని అడిగాడు. ఆ తరవాత ఒకామె ఫోన్ చేసింది. "ఫోటోకి నోరుందో లేదో చూద్దామని చేశానమ్మా," అంది. "మీ ఆయన ఎక్కువ గుంజుతాడు, మా ఆయన ఆ ఎక్కువ నా దగ్గర గుంజుతాడు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందా? మా ఇంట్లో తిండి తగ్గుతుంది." ఆమెకి ఊ కొట్టలేకపోయాను. కూర మాడింది. చుక్క ముట్టనని పదిమందిలో చెప్పుకునే మా ఆయన కంచం నెట్టేసి, "ధ్యాసెక్కడ పెట్టావ్?" అన్నాడు. అప్పటినుంచీ కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు నడవాలో తెలిసేది కాదు. ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే.

నిన్న పర్మిట్ రెన్యూవల్ కోసం ఆబ్కారీ ఆఫీసరు ఇంటికే వచ్చాడు. ఫిర్యాదులున్నాయని తేలితే పర్మిట్ రద్దు. అందుకని ఉన్నాయో లేవో పర్మిట్ ఉన్నవాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలట. 'ఏమీ రాలేదండీ' అన్న ముక్కని మా ఆయన నాతో బడిపిల్లకి పద్యంలా వల్లె వేయించాడు. "అది పోతే రోడ్డున పడతాం," అని కూడా చెప్పాడు. అబద్ధమేం కాదు. నేను తినేదీ ఆ కొట్టు తిండే.

"ఫిర్యాదులేం లేవు కదమ్మా?" అంటూనే ఆఫీసరు రాయబోయాడు.

"ఉన్నాయండీ."

మా ఆయన నవ్వేశాడు. "దానికేం తెలుసు సార్, రాంగ్ నంబర్లు కూడా లెక్కేస్తుంది."

ఆఫీసరు కలం మూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, కొట్లు మూసుకుంటూ పోతే ఖజానాకేం వస్తుంది? బళ్ళు, ఆస్పత్రులు నడిచేది ఈ డబ్బుతోనే. రాబడి పెంచమని పైవాళ్ళు, తప్పు చేస్తే మూయమని చట్టం. మధ్యలో మా చావు. లేవన్నావనుకో, అందరికీ మంచిది."

ఆ అందరిలో ఫోన్ చేసినామె ఉందా అని అడగబోయి మానేశాను. అడిగితే దానికీ ఏదో ఒక జవాబు చెప్తారు. జవాబులకి వాళ్ళెప్పుడూ తడుముకోలేదు.

"లోపలికి పో," అన్నాడు మా ఆయన పళ్ళు బిగించి.

"పోతానండీ," అని ఆఫీసరు వైపు తిరిగాను. "ఫిర్యాదులున్నాయనే రాయండి సార్. రెన్యూవల్ వద్దందని కూడా రాయండి. నా పేరు నాకు వేరే పనికి కావాలి."