సావా వేసిన ముడి

మూడువందల తొంభై ఎనిమిది. త్రిఫోన్ వేలిని నాలుకకి అద్దుకుని కాగితం తిప్పాడు, కుడివైపు కింది మూలలో నీలం పెన్నుతో అంకె వేశాడు, ఉఫ్ అని ఊదాడు. మూడువందల తొంభై తొమ్మిది. మళ్లీ ఊదాడు. ఈ పెన్ను సిరా ఊదకపోయినా ఆరుతుంది. కానీ ప్రభుత్వ ముద్రణాలయంలో బైండింగు నేర్పిన ముసలాయన ఊదేవాడు, అందుకని ముప్ఫై ఏళ్లుగా త్రిఫోనూ ఊదుతున్నాడు. నాలుగువందల పన్నెండో కాగితం దగ్గర ఆగి, కట్టనంతా బల్ల మీద నిలబెట్టి టకటకా కొట్టి అంచులు సరిచేశాడు. గోడ గడియారంలో ఎనిమిదింపావు. పదకొండు కొట్టకముందే ఈ పుస్తకం కిషినావు ఊరి మధ్యనున్న రోడ్ల ఆఫీసులో బల్ల మీద ఉండాలి. పదకొండూ ఒక నిమిషానికి వెళ్తే తీసుకోరు.

పొట్టి మనిషి, చేతులు మాత్రం మోకాళ్ల దాకా వస్తాయి. యాభై తొమ్మిదేళ్లు. కుడిచేతి చూపుడువేలు చివర చర్మం బూటు అడుగులా గట్టిపడిపోయింది, అక్కడ దబ్బనం గుచ్చినా తెలియదు. కోటు గుండీల్లో ఒకటి గోధుమరంగుది, మిగతావి నల్లవి. చెవుల్లోంచి వెంట్రుకలు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలంతా అతన్ని వాచ్‌మన్ అనుకుంటారు.

కంపెనీ చిన్నది. రెండు రోలర్లు, ఒక క్రేను, ముప్ఫైమంది మనుషులు. పని కావాలంటే టెండరు వెయ్యాలి. టెండరంటే ఉత్తినే కాగితాలు పట్టుకెళ్లి ఇచ్చెయ్యడం కుదరదు. ప్రతి కాగితానికీ అంకె వెయ్యాలి, మూడు కంతలు పొడవాలి, మైనం పూసిన దారంతో కుట్టాలి, వెనక పేజీ మీద ముడి వెయ్యాలి, ముడి మీద చిన్న చీటీ అంటించాలి, అప్పుడు కంపెనీ గుండ్రటి ముద్ర కొట్టాలి, అది కూడా సగం చీటీ మీదా సగం పేజీ మీదా పడేట్టు. అలా పడితేనే మధ్యలో ఎవరూ చీటీ పీకి, దారం విప్పి, కాగితం మార్చలేదని రుజువు. ధరలు ఇంజనీర్లు వేస్తారు. సంతకం యజమానురాలు పెడుతుంది. కుట్టేది త్రిఫోన్.

ఊరి అవతలి చివర పెద్ద కంపెనీలో కుట్టేది సావా.

ముద్రణాలయంలో ఇద్దరిదీ ఒకే బల్ల. అది మూతపడ్డాక ఇద్దరూ రోడ్ల కంపెనీల్లో చేరారు. ఇద్దరూ టెండర్లే కుడుతున్నారు. పంతొమ్మిదేళ్లుగా టెండరు తెరిచే ప్రతి రోజూ ఒకే హాల్లో పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఆ పంతొమ్మిదేళ్లూ త్రిఫోన్ కడుపులో ఏదో ఒకటి మండుతూనే ఉంది. సావా ముడి పేజీకి అతుక్కున్నట్టు చదునుగా ఉంటుంది, త్రిఫోన్ ముడి మొక్కజొన్న గింజంత లేస్తుంది. సావా దారానికి పూసే మైనం వాళ్లన్న పెంచే తేనెటీగలది, అతని పుస్తకం తెరిస్తే తేనె వాసన. త్రిఫోన్ మైనం బజార్లో కొన్నది, కిరసనాయిలు కంపు కొడుతుంది. రోడ్ల ఆఫీసులో గేటు దగ్గరి మనిషి సావాకి లేచి నిలబడతాడు. త్రిఫోన్‌ని ప్రతిసారీ గుర్తింపు కార్డు అడుగుతాడు! పనులు ధర తక్కువ వేసినవాడికే వెళ్తాయని త్రిఫోన్‌కి తెలుసు. అయినా సావా కంపెనీకి వంతెన దక్కిన ప్రతిసారీ ఆ చదును ముడే దాన్ని తెచ్చిపెట్టిందని అతనికి గట్టి నమ్మకం.

పొద్దున మమలీగ అనే మొక్కజొన్న సంకటి మీద జున్ను తురుముతూ వాళ్లావిడ అకులీనా కూడా సావా మాటే ఎత్తింది. "ఇవాళ సావాని చూస్తావా? తల దువ్వుకున్నావులే, అర్థమైంది. నాతో కన్నా వాడితోనే ఎక్కువ కాపురం చేశావయ్యా నువ్వు."

"నోర్ముయ్యవే."

"ముయ్యనులే. ఈసారైనా గెలిచి రా. ఏడుపు మొహంతో వస్తే సూపు పొయ్యను."

ఇప్పుడు దబ్బనంలోకి దారం ఎక్కిస్తుంటే తలుపు తోసుకుని రాయిసా వచ్చింది. కంపెనీ ఆవిడదే. మొగుడు పోయాక క్రేను డ్రైవర్లతో తిట్లు తింటూ, తిరిగి తిడుతూ నడుపుతోంది. చేతిలో కాఫీ కప్పు.

"త్రిఫోనన్నా, అయ్యిందా?"

"అవుతోందమ్మా. తొందరపెడితే దారం తెగుద్ది."

"ఈ వలేనీ వంతెన పని మనకి రాకపోతే నేను మార్చిలో గేటుకి తాళం వేస్తాను. ముందే చెప్తున్నా, తరవాత నన్ను అనొద్దు." ఒక్క క్షణం ఆగి, "ముద్ర సరిగ్గా కొట్టు" అంది.

త్రిఫోన్‌కి తల కొట్టేసినట్టయింది. పంతొమ్మిదేళ్లలో ఒక్క ముద్ర తప్పు కొట్టలేదు తను, ఆ మాట ఎవరైనా సావాతో అంటారా? మూడు కంతల్లోంచీ దారం లాగి, బిగించి, ముడి వేసి, బొటనవేలితో నొక్కాడు. లేచింది. మళ్లీ నొక్కాడు. మొక్కజొన్న గింజ. చీటీ అంటించి, ముద్రని నోటితో ఆవిరిపట్టి, సగం ఇటూ సగం అటూ కొట్టాడు. ఎడమవైపు సగం చంద్రుడు, కుడివైపు సగం చంద్రుడు. అది మాత్రం అద్భుతంగా వచ్చింది.

ట్రాలీబస్సులో కవరుని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. బయట వాన తుంపర. గేటు దగ్గర కార్డు చూపించాడు, గేటు మనిషి అటూ ఇటూ తిప్పి చూసి మరీ వదిలాడు. పది నలభైకి కవరు ఇచ్చేసి, రసీదు తీసుకుని హాల్లోకి వెళ్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

దక్షిణాది కంపెనీ తరఫున వచ్చిన గవ్రీల్ అప్పటికే పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు జేబులో పోసుకుంటున్నాడు. లావుపాటి మనిషి, నవ్వితే కుర్చీ కూడా నవ్వుతుంది. "ఏంట్రా త్రిఫోన్, నీ ప్రియుడు రాలేదు?"

"నాకేం తెలుసు!"

"వాడికి వేరే గది ఇచ్చారేమోలే. పెద్ద కంపెనీ. నీకూ నాకూ గింజలే."

వేరే గది! ఆ మాట త్రిఫోన్ పక్కటెముకల మధ్య గుచ్చుకుంది. అయ్యుండొచ్చు. సావాకి వేరే గది ఇచ్చి ఉంటారు, వేడి బాగా వచ్చే గది, కిటికీలోంచి పార్కు కనిపించే గది. ఇక హాలుకి రావడం చిన్నతనం. పదకొండుకి రెండు నిమిషాలుందనగా ఒక నలభై ఏళ్లావిడ, సన్నగా, తడిసిన జుట్టుతో, పరిగెత్తుకుంటూ వచ్చి సావా కంపెనీ కవరు ఇచ్చింది. పేరు నదేజ్దా అని రిజిస్టరులో రాసింది. సావా కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. త్రిఫోన్ వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఆగిపోయింది. కమిటీ వచ్చి కూర్చుంది, ఇక హాల్లో పని ముగిసేదాకా కంపెనీలవాళ్లు మాట్లాడుకోకూడదు, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

కమిటీ అధ్యక్షురాలు వలేరియా కళ్లద్దాలు పెట్టుకుని కవర్లు ఒక్కొక్కటే కత్తిరించి ధరలు చదివింది. గవ్రీల్‌ది రెండు కోట్ల పది లక్షల లేయి. త్రిఫోన్ కంపెనీది కోటీ తొంభై నాలుగు లక్షలు. సావా కంపెనీది కోటీ ఎనభై ఎనిమిది.

గవ్రీల్ గింజ కొరకడం ఆపాడు. "అయిపోయింది" అన్నాడు మెల్లిగా.

అయిపోయింది. త్రిఫోన్ చేతులు మోకాళ్ల మీద వాలిపోయాయి. మార్చి, తాళం, ఏ కంపెనీకీ అక్కర్లేని దబ్బనం. అయినా ఆ క్షణంలో అతని కళ్ల ముందుకొచ్చింది గేటు కాదు, పార్కు కిటికీ దగ్గర సావా, వార్త విని తల కూడా ఎత్తకుండా నవ్వే సావా.

"ఇప్పుడు పావుగంట మీరు మీరు ఒకరి పుస్తకాలు ఒకరు చూసుకోవచ్చు. అభ్యంతరాలుంటే రాసివ్వండి" అంది వలేరియా, ఎప్పుడూ అనేట్టే, ఆవులిస్తూ.

ఎవరూ చూడరు. గవ్రీల్ టీకి పోతాడు. త్రిఫోన్ మాత్రం పంతొమ్మిదేళ్లుగా ప్రతిసారీ సావా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తిప్పి చూస్తాడు. అంకె తప్పిందా? కంత వంకర పోయిందా? ఎప్పుడూ ఏమీ దొరకలేదు. ఇవాళా తిప్పాడు. తేనె వాసనతో పాటు ఇంకేదో ఘాటుగా తగిలింది, స్పిరిట్ లాంటిది. అంకెలు కొంచెం పెద్దవిగా, కొంచెం ఏటవాలుగా ఉన్నాయి, కానీ ఒక్కటీ తప్పలేదు. ఆఖరి పేజీ. ముడి చదునుగా, ఎప్పట్లాగే, పేజీలో పుట్టినట్టు.

ముద్ర మొత్తం చీటీ మీదే ఉంది.

త్రిఫోన్ పేజీని కిటికీ వైపు తిప్పాడు. కళ్లు నలుపుకున్నాడు. గుండ్రంగా, నిండుగా, చీటీ మధ్యలో. పేజీ మీద ఒక్క గీత కూడా పడలేదు. ఆ చీటీని ఎవరైనా పీకి ఇంకో పుస్తకానికి అంటించుకోవచ్చు. ముద్ర కొట్టనట్టే లెక్క.

గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, ఎక్కిళ్లలాంటిది. సావా తప్పు చేశాడు! ఒంట్లో నెత్తురంతా ఒక్కసారి మొహంలోకి పాకింది. కాగితం అడిగి తీసుకున్నాడు. జీవితంలో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు. అక్షరాల తోకలు కూడా దిద్దాడు. రాసి, ఊదాడు. సావా ఇక్కడ ఉండి ఉంటే బావుండేది, తన పక్కనే కూర్చుని ఇది చదివి ఉంటే ఎంత బావుండేది.

వలేరియా చదివింది. పుస్తకం తెప్పించుకుని చూసింది. నదేజ్దాని పిలిచి చూపించింది. ఆమె చూసి తల దించుకుంది.

"సావా పుస్తకమేనా ఇది?" అంది వలేరియా, నమ్మలేనట్టు. తరవాత నిట్టూర్చింది. "నిబంధన నిబంధనే. పక్కన పెడుతున్నాం. తరవాతి తక్కువ ధర త్రిఫోన్ గారి కంపెనీది. రాసుకోండి."

నడవాలోకొచ్చి ఫోన్ చేస్తే రాయిసా అటువైపు అరిచిన అరుపుకి ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "నా బంగారు అన్నా! ముద్రా? ముద్రలో పట్టుకున్నావా? నీ వేళ్లు ముద్దుపెట్టుకోవాలి! త్వరగా రా, సీసా తెరుస్తున్నా!" గవ్రీల్ వీపు మీద చరిచాడు. "నువ్వు మనిషివి కాదురా, భూతద్దానివి!" అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

త్రిఫోన్ కిటికీ పక్కన నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. నల్ల గుండీలు, మధ్యలో గోధుమరంగుది. నదేజ్దా కోట్లు పెట్టే గదిలోంచి ఒక సంచీ తీసుకుని వచ్చింది.

"మీరే కదండీ త్రిఫోనన్న? లోపల మాట్లాడకూడదని ఆగాను. ఇది సావన్న భార్య మీకిమ్మంది."

సంచీలోంచి ఒక చేతిరుమాలు తీసి కిటికీ గట్టు మీద పరిచింది. దాని మీద కొత్త కప్పు పెట్టింది, కప్పు మీద జడలా అల్లిన గుండ్రటి రొట్టె, రొట్టెలో గుచ్చిన సన్నటి కొవ్వొత్తి. పోయినవాళ్ల పేరు మీద పంచేవి. ఎవరింట్లోనైనా మనిషి పోతే కిషినావులో ప్రతివాళ్లూ పుచ్చుకున్నవే.

త్రిఫోన్ గుండీ మీద వేళ్లు అలాగే ఉండిపోయాయి. "ఎప్పుడు?"

"ఆదివారం. మంగళవారం మట్టి చేశాం. మీకు ఫోన్ చెయ్యడానికి నంబరు ఎవరి దగ్గరా లేదన్నా. పంతొమ్మిదేళ్లు పక్కపక్కనే కూర్చున్నారట కదా, నంబరు మాత్రం ఇద్దరూ అడగలేదట."

"మరి ఆ పుస్తకం..."

"శనివారం కుట్టాడు, ఆసుపత్రిలో. మంచం మీదే. నేను కుడతానంటే దబ్బనం ఇవ్వలేదు. ముద్ర కూడా నన్ను పట్టుకోనివ్వలేదు, అప్పటికే కళ్లు సరిగ్గా ఆనట్లేదు, నేను చూసుకోవాల్సింది." ముక్కు తుడుచుకుంది. "ఒకటే మాట అన్నాడు. 'కమిటీ వాళ్లు చూడరమ్మా, ధర చూసి మూసేస్తారు. త్రిఫోన్ ఒక్కడే ఆఖరి పేజీ దాకా తిప్పుతాడు. వాడి ముందు పరువు పోకూడదు' అని."

త్రిఫోన్ రుమాలు అంచుని బొటనవేలితో నొక్కి చదును చేశాడు.

"మీరు రాసింది నిజమే కదా" అంది ఆమె, అతన్ని ఓదారుస్తున్నట్టు. "ఆయనుంటే ఆయనా ఒప్పుకునేవాడు. వస్తానన్నా, బస్సుంది."

పుచ్చుకునేటప్పుడు 'బోగ్దాప్రోస్తే' అనాలి, పోయినవాణ్ని దేవుడు క్షమించాలని. చిన్నపిల్లలకి కూడా తెలుసు. త్రిఫోన్ నోరు తెరిచాడు. మాట నాలుక దాకా వచ్చి అక్కడే ఆగింది. అనగలిగేసరికి ఆమె మెట్ల కింద లేదు, వీధి తలుపు కూడా మూసుకుంది.

వలేనీ వంతెనకి ఇంకో పుస్తకం కుట్టక్కర్లేదు. తరవాత ఇంకో రోడ్డు వస్తుంది, ఇంకో టెండరు, మళ్లీ నాలుగువందల కాగితాలు, మూడు కంతలు. గవ్రీల్ టీకి పోతాడు. వలేరియా ఆవులిస్తుంది. అంకె తప్పినా, కంత వంకర పోయినా ఎవరూ పట్టుకోరు. సావాకి తన పనిని ఆఖరి పేజీ దాకా తిప్పి చూసేవాడు ఒకడు ఉన్నాడు, చచ్చిపోయేదాకా, చచ్చిపోయాక కూడా. తనకి లేడు. ఇందులో కూడా వాడిదే పైచెయ్యి! ఆ పాత మంట కడుపులో లేచింది, కానీ అది వెళ్లి కాల్చడానికి అవతల ఎవరూ లేరు, అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. రాయిసా. తియ్యలేదు. కొవ్వొత్తిని లోపలి జేబులో పెట్టుకున్నాడు. రొట్టె రెండు చేతులతో ఎత్తి రుమాల్లో చుట్టుకున్నాడు.

కిటికీ గట్టు మీద కప్పు మిగిలింది. తెల్ల ఎనామెల్ కప్పు, అంచు చుట్టూ సన్నటి నీలం గీత, అడుగున రొట్టె మీంచి రాలిన చక్కెర పలుకులు నాలుగైదు, ఇంతవరకూ ఎవరూ ఏమీ తాగని కప్పు.