నల్లరంగు కాగు

కాగులో నీళ్లు సలసల మరుగుతుంటే ఎలాడియా నల్లపొడి గుప్పిటతోనే కొలిచి వేసింది. పిడికెడు ఉప్పు చల్లి, కాస్త వెనిగర్ పోసి, పొడవాటి కర్రతో అడుగుదాకా కలియబెట్టింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముందుకు వంగిపోయింది. ఆవిరి తగిలితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఇరవై ఏళ్ల పనిలో చేతులు మోచేతుల దాకా నల్లబడిపోయాయి. ఒంటిమీద మాత్రం ఎప్పుడూ అదే మాసిన గోధుమరంగు గౌను.

1942 ఫిబ్రవరి. డ్వేరో నది మీదినుంచి వచ్చే గాలి చావు జరిగిన ఇళ్లవాళ్ల బట్టలకు నల్లరంగు వేసే ఈ అద్దకం దుకాణం తలుపుసందుల్లో ఈల వేస్తోంది.

"ఈ ఊళ్లో రొట్టెకి కరువు గానీ చావులకి కరువు లేదు," అన్నాడు యజమాని ఉర్బానో.

"మెల్లగా అనవయ్యా! గోడమీది పటానికి చెవులున్నాయి," అంది ఇస్త్రీ చేస్తున్న బసీలియా. పటంలో సైనిక దుస్తుల్లో దేశనాయకుడు.

అప్పుడే తలుపు తోసుకుని దోన్యా కసీల్దా లోపలికి వచ్చింది. దేశాన్నేలుతున్న ఫలాంజ్ పార్టీకి ఊళ్లో పెద్ద అయినవాడి భార్య. పనిమనిషి చేత పంపకుండా బట్టల మూట తానే గుండెలకు హత్తుకుని తెచ్చింది. పార్టీ నీలిచొక్కా వేసుకుని రష్యా యుద్ధానికి వెళ్లిన ఆమె కొడుకు అక్కడే చనిపోయాడని నిన్న కబురొచ్చింది.

"రేపు చర్చిలో పూజ. పొద్దున్నకల్లా కావాలి."

"అలాగే అమ్మగారూ," అంది ఎలాడియా.

ఎలాడియా మూట విప్పి బట్టలు కాగులో వేసినా ఆమె కదల్లేదు. కాగులో మునుగుతున్న తన బట్టలవైపే చూస్తూ నిలబడింది.

"శవాన్ని పంపరట. ఆ మంచులోనే ఎక్కడో పూడ్చారట," అంది ఎవరితోనో అన్నట్టు. ఎలాడియావైపు తిరిగి, "నీకు పిల్లలు లేరు కదూ?" అంది.

"ఒక్కడుండేవాడు. ఫెర్మిన్."

"ఏమయ్యాడు?"

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

"ముప్ఫై ఆరు ఆగస్టులో వచ్చి తీసుకెళ్లారమ్మగారూ. పెంకుల బట్టీలో కార్మికుల సంఘం పెట్టాడని."

ఎవరు తీసుకెళ్లారో ఆ గదిలో అందరికీ తెలుసు. తెల్లారేసరికి అతన్ని ఏ రోడ్డు పక్క గోతిలో పడేశారో మాత్రం ఎవరికీ తెలియదు. అలా కాల్చేసినవాళ్ల ఇళ్లలో ఎవరూ సంతాపంగా నల్లబట్టలు వేసుకోకూడదని కాగితం మీద సంతకం పెట్టి చర్చి తలుపుకు అంటించింది దోన్యా కసీల్దా భర్తే.

"మావాడు దేశం కోసం పోయాడు," అంది ఆమె.

"మావాడు ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదమ్మగారూ."

దోన్యా కసీల్దా చేతితొడుగులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"మడతలు చెడకుండా చూడు," అని వెళ్లిపోయింది.

ఎలాడియా కర్ర తిప్పుతూనే ఉంది. మధ్యాహ్నం బట్టలు తీసి, ఐసులాంటి నీళ్లలో మూడుసార్లు జాడించి, పెరట్లో తీగమీద ఆరేసింది. మడతలు వేళ్లతో సాపు చేసింది. తర్వాత రంగుపొడి బస్తామీద కూర్చుంది.

"పులుసు వేడిగా ఉంది, రావే," అని పిలిచింది బసీలియా. ఇంకోసారి పిలిచింది. దగ్గరకొచ్చి భుజం తట్టేసరికి ఎలాడియా తల గోడవైపు ఒరిగిపోయింది.

శవానికి స్నానం చేయించడానికి ఉర్బానోని బయటకు పంపి బసీలియా గౌను గుండీలు విప్పింది. లోపలి రవిక నలుపు. లోపావడా నలుపు. మేజోళ్లు, చివరికి మేజోళ్లు కట్టిన నాడాలు కూడా నలుపే. వెలిసినప్పుడల్లా మళ్లీ మళ్లీ రంగులో ముంచడంతో పావడా గుడ్డ అట్టలా బిరుసెక్కిపోయింది. ఐదున్నరేళ్లు. పక్కనే నిలబడి పనిచేసిన బసీలియాకి ఒక్కనాడూ తెలియలేదు.

"ఎంత పని చేశావే తల్లీ," అంటూ ఆమె నేలమీద కూలబడింది.

ఆ నలుపుతో శవపెట్టెలో పడుకోబెడితే ఎవరైనా చూస్తారని భయపడ్డారు. గోధుమరంగు గౌనే తిరిగి తొడిగారు. రవిక, మేజోళ్లు పొయ్యిలో వేసింది బసీలియా. పావడా వేయబోయి, చేతులు రాక, ఉతికి దోన్యా కసీల్దా బట్టల మధ్య ఆరేసింది.

పొద్దున్నే పనిమనిషి వచ్చి అమ్మగారి బట్టలు లెక్క చూసుకుని పట్టుకెళ్లింది. తీగమీద ఎలాడియా పావడా ఒక్కటే మిగిలింది. దాని అంచునుంచి ఇంకా ఒక్కో నల్లటి బొట్టు మంచుమీద పడుతూనే ఉంది.