నాలుగూ పది దాటాక

హైదరాబాద్ దబీర్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర తన పాల దుకాణంలో రామ్‌చందర్ పాలు కొలవడం ఆపేశాడు. విమానాలు ఎక్కడెక్కడ ఎగురుతున్నాయో చూపించే ఫోన్ యాప్‌లో ఒక విమానం గుర్తు ఎర్రబడింది. ఆ విమానం నడుపుతున్నది అతని కూతురు, కెప్టెన్ అమల.

"ఎరుపంటే ఏంది సారూ?"

"ఎమర్జెన్సీ అండీ," అన్నారు కృష్ణప్రసాద్. విమానాశ్రయం ఆఫీసులో పనిచేసి రిటైరయిన తెనాలి మనిషి. దుకాణం పైనే అద్దెకుంటున్నారు.

గాలివానలో అమల శంషాబాద్‌లో రెండుసార్లు దిగబోయి, రెండుసార్లూ పైకి లేచింది. విజయవాడకు మళ్లింది. తీరా అక్కడికి చేరేసరికి, ముందు దిగిన విమానం టైరు పేలి రన్‌వే మీదే ఆగిపోయింది. టీవీలో అదే వార్త.

కృష్ణప్రసాద్ అట్టపెట్టె మీద పెన్నుతో ఫ్యూయల్ లెక్క వేశారు.

"చెప్పుండ్రి సారూ. ఇంకెంతసేపు?"

"మామూలుగా పోసే ఫ్యూయల్ అయితే నాలుగూ పది వరకేనండీ."

గడియారంలో నాలుగూ ఎనిమిది.

"మీ లెక్కలకు పాలు విరుగుతయి సారూ!" అతని భార్య సుశీలమ్మ అరిచింది. "మామూలుగ అంటరేంది? మా ఇంట్ల కొసరు లేకుంట పాలు పోసినమా ఎన్నడన్న? లీటరు కొలిచినంక గరిటెడు మీదికెళ్లి పొయ్యాలె. నా బిడ్డ గూడ గంతే. వానకాలమొస్తె ఫ్యూయల్ ఎక్కువ పోయించుకుంటది. బరువైతదని కంపెనీవోళ్లు దినాం లొల్లి!"

"అవు సారూ!" రామ్‌చందర్ అందుకున్నాడు. "పొద్దుగాల ఫోన్ల చెప్పింది. ఇర్వై నిమిషాలది ఎక్కువ తీసుకుందంట."

కృష్ణప్రసాద్ లెక్క కొట్టేసి కొత్తగా రాశారు. నాలుగున్నర.

నాలుగూ పది దాటింది. గుర్తు తిరుగుతూనే ఉంది. నాలుగూ ఇరవై ఒకటికి రన్‌వే తెరిచారని టీవీ చెప్పింది. విమానం మలుపు తీసుకుంది. మూడు వేల అడుగులు. పదిహేను వందలు. తొమ్మిది వందలు.

గుర్తు మాయమైంది.

"కిందికి దిగాక సిగ్నల్ అందదండీ," అన్నారు కృష్ణప్రసాద్. ఆయన మాటను ఆయనే నమ్ముతున్నట్టు లేదు.

నాలుగున్నర అయింది. దుకాణం ముందు జనం రోడ్డు దాకా నిండిపోయారు. "ఫికర్ మత్ కరో భాయ్," అని ఎవరో ధైర్యం చెప్పారు. టీవీలో ఇంకా ఆ టైరే చూపిస్తున్నారు.

నాలుగూ నలభై ఒకటికి ఫోన్ మోగింది. రామ్‌చందర్ వేలు రెండుసార్లు జారింది. సుశీలమ్మ లాక్కుని స్పీకర్ నొక్కింది.

"బాపూ, నూటడెబ్బై ఇద్దరు. ఒక్కరికి గూడ దెబ్బ తగల్లే. ఇంకో ఆరు నిమిషాల ఫ్యూయలే మిగిలింది, గని దించిన."

సుశీలమ్మ పాలక్యాను మీద గరిటెతో దబదబా కొట్టింది. ఈలలతో వీధి దద్దరిల్లింది. కృష్ణప్రసాద్ కళ్లద్దాలు తీసి ఏడుస్తూ నవ్వుతున్నారు.

"ఏం లొల్లి బాపూ, పెండ్లా?"

"నువ్వు బయటికొచ్చినవా బిడ్డా?"

"ఆఖరు పాసింజరామెను చెయ్యి పట్టి దించిండ్రు. ఇగ నేను దిగుతున్న."